పండ్లు చూడని పందెం

మొన్నామధ్య ఒకరోజు పొద్దున్నే మా అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, బ్యాంకులో దుడ్లు ఎవురో లాగేస్తాండారు రా" అని ఒకటే ఏడుపు. సైబర్ దొంగలే అనుకున్నాను. ఇంకేం అనుకుంటాం? వచ్చిన మెసేజ్‌లన్నీ పంపమన్నాను. 89 రూపాయలు. మళ్లీ 89. ఓ రోజు 179. ఓ ఆదివారం ఏకంగా 449. నెల మొత్తం కూడితే 2,300 దాటింది. మా బావ బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తాడు. రోజంతా రాతి దుమ్ము మింగితే గానీ ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. ఆ సొమ్ము ఏ దొంగ తిన్నాడు?

దొంగ ఇంట్లోనే దొరికాడు. తొమ్మిదో తరగతి చదివే మా అల్లుడు.

"ఏందిరా ఇది?"

"ఇంజిన్ కొన్న్యా మామా."

"ఏ బండికి?"

"ర్యాలీ కారుకు."

"కారు యాడుందిరా?"

"ఫోన్లో."

"ఆట ఫ్రీ అన్నావు గదరా?"

"ఆట ఫ్రీనే మామా. గెలవాలంటేనే దుడ్లు."

విన్నారా? ఎంబీఏ కాలేజీలు లక్షల ఫీజు గుంజి రెండేళ్లు చెప్పే పాఠాన్ని గవర్నమెంటు బడి పిల్లోడు ఒక్క ముక్కలో తేల్చేశాడు.

కొట్టబోయిన చెయ్యి దించి, వాడి పక్కనే కూర్చున్నాను. ఆడి చూపించమన్నాను. ఆడాడు. మట్టి రోడ్డు. పక్కన లోయ. మలుపుకు ముందే బ్రేకు మీద వేలు. బండి వెనక భాగాన్ని కాస్త జారనిచ్చి, సరిగ్గా మలుపు తిరిగాక యాక్సిలరేటర్. ఒక్క రాయికి తగల్లేదు. ఒక్క చెట్టును ముద్దు పెట్టుకోలేదు. నేనైతే మొదటి మలుపులోనే లోయలో ఉండేవాణ్ని. తిన్నని దారి వచ్చింది. అవతలివాడి కారు మలుపుల్లో రెండుసార్లు గుట్టను గుద్దింది. అయినా తిన్నని దారిలో రివ్వున దూసుకుపోయింది. మనవాడు మూడు సెకన్ల తేడాతో ఓడాడు. వాడి కారు ఇంజిన్ లెవెల్ 5. అవతలివాడిది 12.

వెంటనే తెర మీద పచ్చ బటన్ మెరిసింది: 'మెరుగుపరచుకోండి!' కింద ధర. 89 రూపాయలే. ఈరోజు మాత్రమే. ఆ 'ఈరోజు' నెల రోజులుగా నడుస్తోందట.

మెరుగుపరచుకోవాల్సింది ఏమిటి? పిల్లోడి చెయ్యా, తండ్రి జేబా?

దీనికి వాళ్లు పెట్టుకున్న ముద్దు పేరు 'ప్రోగ్రెషన్'. అంటే ప్రగతి. పేరు బాగుంది కదూ? మన దగ్గర ఎవడైనా 'ప్రగతి' అన్నాడంటే చటుక్కున జేబు తడుముకోవాలని ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది.

అసలు ర్యాలీ అంటే ఏమిటి? పది కార్లు ఒకదాన్నొకటి గుద్దుకుంటూ గుండ్రంగా తిరిగే పందెం కాదది. ఒక్కోసారి ఒక్కో కారే బయల్దేరుతుంది. డ్రైవరు, పక్కన మలుపులు చదివి చెప్పే సహచరుడు. ఎదురుగా దుమ్ము, మంచు, రాళ్లు, గడియారం. అంత ఒంటరి ఆటలో మోసానికి చోటెక్కడ? ఉంది. 1995లో టయోటా జట్టు వెతికి పట్టుకుంది. ఇంజిన్‌లోకి పోయే గాలి మోతాదు మించకుండా టర్బో ముందు ఒక ఇరుకు మూతి పెట్టాలని ప్రపంచ ర్యాలీ నిబంధన. టయోటా ఇంజినీర్లు ఆ మూతిని బిగించగానే లోపల అయిదు మిల్లీమీటర్లు పక్కకు జరిగేలా చేశారు. విప్పి చూస్తే అంతా సక్రమం. బిగిస్తే దొడ్డిదారిన అదనపు గాలి, అదనపు బలం. స్పెయిన్‌లోని కాటలోనియా ర్యాలీలో తనిఖీదార్లు పట్టేశారు. ఆ ఏడాది సంపాదించిన పాయింట్లన్నీ గోవింద. జట్టుపై పన్నెండు నెలల నిషేధం.

అయిదు మిల్లీమీటర్లకు ఏడాది శిక్ష!

అదే అయిదు మిల్లీమీటర్లను ఫోన్లో 'టర్బో అప్‌గ్రేడ్' అంటారు. దానికి నిషేధం లేదు. డిస్కౌంటు ఉంది.

ఆ ఏడాది ప్రపంచ విజేత స్కాట్లాండ్‌కు చెందిన కోలిన్ మెక్‌రే. ఆయన పేరుతోనే 1998లో బ్రిటిష్ కంపెనీ కోడ్‌మాస్టర్స్ ర్యాలీ ఆట తెచ్చింది. డిస్కు కొనేటప్పుడు ఒక్కసారే డబ్బు కట్టేవాళ్లం. ఆ తర్వాత ఓడినా గెలిచినా పూచీ మన వేళ్లదే. ఓడితే సిగ్గుపడి మళ్లీ ఆడేవాళ్లం. ఇప్పుడు ఓడితే సిగ్గుపడక్కర్లేదు. చెల్లిస్తే చాలు. 2021లో ఆ కోడ్‌మాస్టర్స్‌ను అమెరికా కంపెనీ ఈఏ దాదాపు 120 కోట్ల డాలర్లు పోసి కొంది. 2023లో ప్రపంచ ర్యాలీ ఆటను విడుదల చేసింది. 2025 ఏప్రిల్లో కొత్త ర్యాలీ ఆటల పని ప్రస్తుతానికి ఆపేస్తున్నామంది. చేతి పనితనం చూసే ఆటకు చాప చుట్టారు. పెట్టెలూ నాణేలూ పచ్చ బటన్లూ అమ్మే ఫోన్ దుకాణాలు మాత్రం ఇంకా తెరిచే ఉన్నాయి. ఎందుకో విడమరిచి చెప్పాలా?

ఇదే ఈఏ 2013లో రియల్ రేసింగ్ 3 అనే ఫోన్ ఆటను ఉచితంగా వదిలింది. కారు దెబ్బతింటే షెడ్డుకు పంపాల్సి వచ్చేది. అక్కడ నిజం గడియారంతో నిమిషాలు, గంటలు ఎదురుచూడాల్సి వచ్చేది. ఆగలేవా నాయనా? బంగారు నాణేలు కట్టు, క్షణంలో రెడీ. లేని కారుకు లేని మెకానిక్ లేని రిపేరు చేయడానికి ఉన్న డబ్బు ఇవ్వాలి! 'రేపు రా అన్నా' అనే విద్య మన మెకానిక్కులు వీళ్ల దగ్గర నేర్చుకున్నారా, వీళ్లే మనోళ్ల దగ్గర శిష్యరికం చేశారా? మన మెకానిక్ కనీసం టీ అయినా తాగిస్తాడు.

"ఉచితంగా ఇచ్చినప్పుడు ఎక్కడో అక్కడ సంపాదించుకోవాలి కదా" అని ఒక జాలిగుండె వాదన. సరే. మరి పూర్తి ధర పెట్టి కొన్నవాళ్ల సంగతేమిటి? 2022 మార్చిలో సోనీవారి గ్రాన్ టూరిస్మో 7 వచ్చింది. ఉచితం కాదు, ఖరీదైన సరుకు. కొన్ని రోజులకే కొన్ని రేసుల్లో వచ్చే బహుమతి నాణేలు కోశారు. కార్ల ధరలు మాత్రం ఆకాశంలోనే ఉన్నాయి. కావాలంటే అసలు డబ్బుతో నాణేలు కొనుక్కోమన్నారు. అదే సమయంలో సర్వర్లు ముప్పై గంటలకు పైగా పడుకున్నాయి. ప్రపంచమంతా తిట్టిపోసింది. చివరికి క్షమాపణ చెప్పి, తలా పది లక్షల ఉత్తుత్తి నాణేలు విదిల్చారు. ఓట్ల ముందు చీర, గొడవయ్యాక బిర్యానీ పొట్లం. ఈ పద్ధతి మనకు కొత్తా?

2023 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ ఫోర్జా మోటార్‌స్పోర్ట్ వచ్చింది. ఈ ఫోర్జా వాళ్లకు న్యాయం తెలియదనుకుంటున్నారా? భేషుగ్గా తెలుసు. కారు బలాన్ని అంకెల్లో లెక్కగట్టి, తరగతులుగా విడగొట్టి పోటీ పెట్టే పద్ధతి వాళ్ల ఆటల్లో ఎన్నాళ్ల నుంచో ఉంది. అంతా తెలిసి ఏం చేశారు? ప్రతి కారునూ విడివిడిగా యాభై లెవెళ్ల దాకా నడిపితేనే దాని భాగాలన్నీ చేతికొస్తాయన్నారు. కొత్త కారు కొన్నావా? మళ్లీ ఒకటో తరగతి, మళ్లీ అఆలు. ఆటగాళ్లు అయిదు నెలలు గోల చేశాక 2024 మార్చిలో పట్టు సడలించారు. అంటే గోల చేస్తే న్యాయం దొరుకుతుంది. గోల చేయడం రాని తొమ్మిదో తరగతి పిల్లోడికి?

ఇక్కడ ఒక మాట నిజాయతీగా ఒప్పుకోవాలి. కారు ఎదగడం తప్పు కాదు. దూడను తెచ్చి, ఉలవలు పెట్టి, కడిగి, నడిపించి ఎద్దును చేయడంలో ఉన్న ఆనందం రైతునడగండి. డొక్కు కారుతో మొదలుపెట్టి, ఒక్కో బోల్టూ మారుస్తూ పైకి రావడమూ అలాంటిదే. ఒంటరిగా నీ పాటికి నువ్వు ఆడుకునేటప్పుడు ఆ ఎదుగుదల అమృతం. తగాదా అక్కడ లేదు. ఎదిగిన ఎద్దును తెచ్చి పాలపండ్ల దూడ పక్కన కట్టి, 'కానివ్వండి పోటీ' అన్నప్పుడే తగాదా.

మన ఎద్దుల బండలాగుడు పోటీలు చూడండి. తిరునాళో, ఉగాదో, ఉరుసో. ఇసుక పోసిన మైదానం. మైకులో ఒకాయన గొంతు పగిలేలా అరుపు. పోటీకి ముందు నిర్వాహకుడు ఎద్దు దగ్గరికొచ్చి వయసు తేల్చడానికి కింది పెదవి లాగి పండ్లు చూస్తాడు. పాలపండ్లవి పాలపండ్ల విభాగంలో. రెండు పండ్లవి రెండు పండ్లలో. నాలుగువి నాలుగులో, ఆరువి ఆరులో. సీనియర్లకు వేరే బండ. సేద్యం ఎద్దులకు వేరే వరస. ఒక విభాగానికి ఒకటే బండ, ఒకటే గడియారం. ఇచ్చిన నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగితే అదే ఫలితం. ఏ సర్వరూ లేదు, ఏ కృత్రిమ మేధా లేదు. ఒక పెద్దాయన, ఒక టేపు. అంతే.

సిలికాన్ వ్యాలీకి అందని న్యాయం మా ఊరి పెద్దాయన బొటనవేలికి అందింది. ఎలా అందింది? ఆయనకు ఎద్దులమ్మే వ్యాపారం లేదు కాబట్టి.

ఫోన్ ఆటలో పందెం పెట్టేదీ వాళ్లే, తీర్పు చెప్పేదీ వాళ్లే, ఎద్దుల సంత నడిపేదీ వాళ్లే. దూడ ఓడితేనే కదా ఎద్దు అమ్ముడుపోయేది! ఇది నా ఊహ అనుకుంటున్నారా? 2017 అక్టోబరులో యాక్టివిజన్ అనే కంపెనీకి అమెరికాలో ఒక పేటెంటు మంజూరైంది. ఆటగాడు డబ్బు పెట్టి కొనేలా ఎవరితో జత కలపాలో అందులో రాసుకున్నారు. ఉదాహరణకు, మంచి ఆయుధం ఉన్న ఆరితేరినవాడి పక్కన కొత్తవాణ్ని పెట్టాలి. వాడి ఆయుధం చూసి వీడికి నోరూరాలి. బయటపడి గగ్గోలు పుట్టాక కంపెనీ ఏమంది? అబ్బే, అది పరిశోధన కోసమే, ఏ ఆటలోనూ వాడలేదంది. కత్తి నూరాను గానీ కోయలేదంటే నమ్మాలి. నమ్ముదాం. ఫీజు కట్టి, లాయర్లను పెట్టి, ఊరికే నూరారు పాపం.

తర్వాత పెట్టెలు. అప్‌గ్రేడ్ భాగం నేరుగా అమ్మరు. ఒక పెట్టెలో పెట్టి అమ్ముతారు. తెరిస్తే ఇంజిన్ రావచ్చు, టైరు రావచ్చు, పనికిరాని రంగు డబ్బా రావచ్చు. నీ అదృష్టం! తొలకరి పడగానే మన తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం జనం వంగి వంగి వెతకడం చూశారుగా? సద్ది మూట, గొడుగు, నెత్తిన ఎండ. వెయ్యి మందిలో ఒకరికి దొరుకుతుందో లేదో. దొరికినా దళారి చేతిలో సగం ధర. అయినా ఆ ఎర్రమట్టికి ఒక గొప్ప గుణం ఉంది. నువ్వెవరో దానికి తెలియదు. నువ్వు నిన్న ఎంత ఖర్చుపెట్టావో అది రాసిపెట్టుకోదు. నువ్వు విసిగి ఇంటికి పోబోయే క్షణంలో 'ఇంకొక్క పెట్టె, సగం ధరకే' అని చెవిలో ఊదదు. బెల్జియం 2018లోనే ఇలాంటి పెట్టెలు జూదం చట్టం కిందికి వస్తాయని తేల్చింది. మనం?

మనం చట్టాలు చేయడంలో ఎవరికీ తీసిపోం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 సెప్టెంబరులో ఆర్డినెన్సు తెచ్చి ఆన్‌లైన్ రమ్మీ, పోకర్లను నిషేధించింది. 132 వెబ్‌సైట్లు, యాప్‌లను ఆపేయమని అక్టోబరులో కేంద్రానికి లేఖ వెళ్లింది. 2025 ఆగస్టులో పార్లమెంటు రెండు రోజుల్లో ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసేసింది. 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి సంతకం. టర్బో వేగం! డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఆటలు నిషిద్ధం. ఈ-స్పోర్ట్స్‌కు మాత్రం ఎర్ర తివాచీ. ఎందుకట? ఈ-స్పోర్ట్స్‌లో ఫలితాన్ని తేల్చేది చేతి నేర్పు, బుర్ర చురుకు, వ్యూహం మాత్రమేనట.

చాలా సంతోషం. మరి అయిదో లెవెల్ ఇంజిన్‌కూ పన్నెండో లెవెల్ ఇంజిన్‌కూ మధ్య తేడా ఏ నేర్పు కిందికి వస్తుంది సార్? చేతి నేర్పా, ఫోన్‌పే నేర్పా?

తర్కం చూడండి. డబ్బు పెట్టి, గెలిస్తే డబ్బు వస్తుందంటే జూదం. పాపం, నేరం, జైలు. డబ్బు పెట్టి, ఎంత గెలిచినా పైసా రాదంటే వినోదం. బాలలకు శ్రేష్ఠం. అంటే జూదంలో ఉన్న ఒకే ఒక్క ఆశను పీకేస్తే అది పవిత్రమైపోతుంది! పేకాటలో పోగొట్టుకున్నవాడు 'రేపు వస్తాయిలే' అనైనా అనుకుంటాడు. మా అల్లుడికి ఆ భాగ్యమూ లేదు. వాడి 89 రూపాయల్లో యాప్ దుకాణం కమీషను ఉంది. సర్కారు జీఎస్టీ ఉంది. కంపెనీ లాభం ఉంది. వాడి వాటా ఏమిటి? లెవెల్ 6.

ప్రోగ్రెస్ బార్ అంటే మాకు తెలియనిదనుకోకండి. రాయలసీమ వాళ్లకు దాని గురించి చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. 1937లో సీమకు హామీలిచ్చిన శ్రీబాగ్ ఒప్పందం: లోడింగ్. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని: అన్‌లాక్. మూడేళ్లకే మళ్లీ లాక్. కడప ఉక్కు ఫ్యాక్టరీ సంగతి ఇంకా రసవత్తరం. 2007లో ఒక శంకుస్థాపన. 2018లో ఒకటి. 2019లో ఇంకొకటి. 2023లో మరొకటి. పార్టీలు మారాయి, కొబ్బరికాయలు మారాయి, శిలాఫలకం మీద పేర్లు మారాయి. బార్ మాత్రం ఏళ్ల తరబడి కదల్లేదు. ప్రతిసారీ పచ్చ బటన్ మెరుస్తుంది: 'మీ ప్రాంతం మెరుగుపడబోతోంది!' ధర ఒక్క ఓటే. అయిదేళ్లు వేచి ఉండండి. ఆగలేరా? ఆగాల్సిందే. ఇక్కడ బంగారు నాణేలు కట్టినా టైమర్ తగ్గదు.

లెవెల్ 5 ఇంజిన్‌తో లెవెల్ 12 వాడి పక్కన నిలబెట్టి 'ఇద్దరూ సమానమే, పరుగెత్తండి' అనడం మా అల్లుడికి ఫోన్లో కొత్త. వాళ్ల నాయనకూ తాతకూ పాత.

"ఇష్టం లేకపోతే ఆడొద్దు" అంటారు కొందరు పెద్దమనుషులు. తాగొద్దంటే సరిపోతుందా, బెల్టు షాపు బడి గేటు దగ్గరే పెట్టాక? "తల్లిదండ్రులు చూసుకోవాలి" అంటారు ఇంకొందరు. రాతి దుమ్ములో పన్నెండు గంటలు పనిచేసి వచ్చిన తండ్రి, వందలాది మనస్తత్వ నిపుణులూ ఇంజినీర్లూ కూర్చుని కట్టిన వలను రాత్రి తొమ్మిదింటికి విప్పాలన్నమాట. ఇదీ ఒక పోటీయే. ఇందులో ఎవరి లెవెల్ ఎంత?

"డబ్బు కట్టకపోయినా గంటల తరబడి ఆడితే అవే భాగాలు వస్తాయి కదా" అనేది ఇంకో తెలివి. వస్తాయి. ఆరు నెలలకు. అప్పటికి అవతలివాడు లెవెల్ 20లో ఉంటాడు. డబ్బున్నవాడు డబ్బు కడతాడు, లేనివాడు చదువు కడతాడు. ఎవరిది ఎక్కువ ఖరీదు?

అడిగేది గొంతెమ్మ కోరికేం కాదు. పోటీ అన్న బోర్డు పెడితే అందరికీ ఒకే కారు ఇవ్వండి. అది కుదరదా? సమాన బలం ఉన్నవాళ్లనే జత కట్టండి. అదీ కుదరదా? ఫలితం పక్కన ఎవడి కారులో ఎన్ని రూపాయల భాగాలున్నాయో అంకె వేయండి. 'మొదటి స్థానం, 14,000 రూపాయలు. రెండో స్థానం, సున్నా రూపాయలు' అని పడనివ్వండి. అప్పుడు ఎవరికి చప్పట్లు కొట్టాలో జనమే చూసుకుంటారు. ఇవేవీ కుదరకపోతే బోర్డు మార్చండి. పోటీ అనకండి. వేలం అనండి. ఆదోని మార్కెట్ యార్డులో వేలం జరుగుతుంది. అక్కడ పత్తి కొన్నవాడికి ఎవడూ కప్పు ఇవ్వడు.

ఆ తర్వాత ఓ రోజు అల్లుణ్ని నంద్యాల వైపు ఒక ఊరి తిరునాళకు తీసుకెళ్లాను. ఫోన్ మా అక్క దగ్గరే ఉంచేసి వచ్చాడు. అలిగి, ముఖం మాడ్చుకుని. మైదానంలో రెండు పండ్ల విభాగం మొదలవుతోంది. ఒక పెద్ద కారు వచ్చి ఆగింది. వెనక లారీలోంచి నిగనిగలాడే జత దిగింది. కొమ్ములకు ఇత్తడి కుప్పెలు, మెడలో పూలదండలు. యజమాని చొక్కా ఆ జత కంటే నిగనిగలాడుతోంది. నిర్వాహకుడు వచ్చాడు. డెబ్బై ఏళ్లుంటాయి. కింది పెదవి లాగి చూశాడు. మళ్లీ చూశాడు.

"నాలుగు పండ్లుండాయి. ఇది రెండు పండ్ల వరస. రేపు రాండి."

"రెండే అని రాయించినాం గదా!"

"రాయించినారు. పండ్లు నాలుగుండాయి."

"నేనెవురో తెలుసునా నీకు?"

"నువ్వెవురైతే ఏంది సామీ? పండ్లు ఎద్దువి గదా."

జనం గొల్లుమన్నారు. కారు దుమ్ము రేపుకుంటూ పోయింది. మా అల్లుడు చాలాసేపు ఆ తాతనే చూస్తూ కూర్చున్నాడు. బండ కదిలింది, మైకు అరిచింది, జత ఇసుకలో మోకాళ్ల మీదికి వంగి లేచింది. వాడి చూపు మాత్రం తాత మీదే.

"మామా, ఈ తాతను మా ఆటలో పెడితే?"

"పెడితే ఆట బాగుంటాది లేరా" అన్నాను. "కంపెనీనే ఉండదు."